ఈ ఫైలు రాసేదెవరు? వెబ్‌సైట్ ఫైళ్ల అమరికపై ఒక సింహావలోకనం

వెబ్ పుట్టిల్లు జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధనాలయం. 1990 చివరికి అక్కడ టిమ్ బెర్నర్స్-లీ దగ్గర ఒక నెక్స్ట్ కంప్యూటర్ ఉండేది. ప్రపంచంలో మొదటి వెబ్ సర్వరు అదే. మొదటి బ్రౌజర్ పుట్టిందీ దానిమీదే. ఆ బ్రౌజర్‌లో పేజీలు చదవడమే కాదు, రాయడానికీ దిద్దడానికీ వీలుండేది. అంటే రాసే చోటు, సరిచూసుకునే చోటు, లోకానికి చూపించే చోటు మూడూ ఒక్క యంత్రమే. దానిమీద ఎర్ర సిరాతో రాసిన ఒక చీటీ అంటించి ఉండేది: ఈ యంత్రం సర్వరు, దయచేసి దీన్ని ఆపొద్దు అని దాని సారాంశం. ఎవరైనా తెలియక స్విచ్ ఆపితే ప్రపంచంలో ఉన్న వెబ్ అంతా ఆగిపోయే రోజులవి. సైటును రాసి సరిచూసుకునే డెవలప్‌మెంట్‌కూ, జనం చూసే ప్రొడక్షన్‌కూ మధ్య లేచిన మొట్టమొదటి గోడ ఆ కాగితం ముక్కే.

ఈ మూడున్నర దశాబ్దాల్లో ఆ గోడ చాలా రూపాలు మార్చుకుంది. నారుమడి వేరు, నాటే పొలం వేరు అని రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు కానీ, వెబ్‌సైట్ కట్టేవాళ్లకు ఆ తేడా ఒక్కరోజులో తెలియలేదు. ఒకే ఫోల్డరులో కుప్పగా పడి ఉన్న ఫైళ్లను ఒక్కో రకం చొప్పున ఏరి పక్కన పెట్టుకుంటూ రావడమే ఈ చరిత్ర సారం. చాలాసార్లు అలా ఏరే పని, ఏదో ఒక నష్టం జరిగాకే మొదలైంది. ఆ దారంతా వెనక్కి తిరిగి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఒక ఫైలు ఎక్కడ ఉండాలో తేలాలంటే, ముందు దాన్ని ఎవరు రాస్తారో తేలాలి. కొన్ని ఫైళ్లు డెవలపర్ రాస్తాడు. కొన్ని యంత్రం తయారుచేస్తుంది. కొన్ని సైటు వాడేవాళ్లు తెచ్చి పెడతారు. మరికొన్ని, సైటు నడిచే చోటును బట్టి మారతాయి. ఈ నాలుగింటినీ కలిపేసిన ప్రతిచోటా ఏదో ఒకనాడు చిక్కు వచ్చింది.

బయటకు కనిపించే ఫోల్డరు

1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎన్‌సీఎస్‌ఏ కేంద్రంలో రాబ్ మెకూల్ ఒక వెబ్ సర్వరు ప్రోగ్రాం రాశాడు. యంత్రంలో ఎన్ని ఫోల్డర్లున్నా ఒక నిర్ణీత ఫోల్డరు కింద ఉన్నవే లోకానికి కనిపిస్తాయన్న అమరిక అందులో ఉంది. దాన్నే డాక్యుమెంట్ రూట్ అంటాం. దానికి వాడిన పేరు హెచ్‌టీడాక్స్. నడిచే ప్రోగ్రాములకు సీజీఐ-బిన్ అనే వేరే చోటు. ఒకే యంత్రం మీద వందలమంది పనిచేసే విశ్వవిద్యాలయాల్లో, ఎవరి హోమ్ డైరెక్టరీలో వాళ్లు పబ్లిక్-హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డరు తెరిస్తే, వాళ్ల పేరు ముందు టిల్డ గుర్తుతో ఒక చిరునామా వచ్చేది. 1995లో ఆ కోడ్ పునాది మీదే అపాచీ సర్వరు లేచింది. దానితోపాటు ఆ పేర్లూ బతికాయి. ఇవాళ నెలకు కొన్ని వందల రూపాయలు కట్టి షేర్డ్ హోస్టింగ్ తీసుకున్నా, సీప్యానెల్ తెరవగానే పబ్లిక్-హెచ్‌టీఎంఎల్ ఫోల్డరే ఎదురవుతుంది.

అప్పటి సైట్లు చాలావరకు విడి పేజీలే కాబట్టి, ఫోల్డర్ల అమరికే చిరునామాల అమరిక అయింది. ఫైలును ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకు జరిపితే, ఆ పేజీకి ఎక్కడెక్కడినుంచో ఇచ్చిన లింకులన్నీ తెగిపోయేవి. మంచి చిరునామా ఎప్పటికీ మారకూడదని బెర్నర్స్-లీ 1998లో ఒక వ్యాసమే రాశాడు. రాసినవారి పేరు, ఆ పేజీ ఇంకా చిత్తు ప్రతా కాదా అన్న సంగతి, ఫైలు పేరు చివర వచ్చే సాంకేతిక తోక, వీటిలో ఏదీ చిరునామాలోకి రాకూడదని ఆయన చెప్పాడు. ఇవన్నీ రేపు మారిపోయేవే. కార్యాలయం సౌకర్యం కోసం వేసుకున్న ఫోల్డర్లు పాఠకుడి దారిని శాసించకూడదన్నది అందులోని నీతి. తర్వాత వచ్చిన ఫ్రేమ్‌వర్కులు, అంటే సైటు కట్టడానికి ముందే సిద్ధం చేసిన చట్రాలు, చిరునామాను ఫైలు నుంచి విడదీసి, రూటింగ్ పేరుతో వేరే పట్టికలో పెట్టాయి.

ఎఫ్‌టీపీ కాలం

తన కంప్యూటర్‌లో రాసిన ఫైలు ఎక్కడో ఉన్న సర్వరుకు ఎలా చేరాలి? ఆ దారి వెబ్‌కన్నా ముందే సిద్ధమై ఉంది. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివి, ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్ 1971 ఏప్రిల్‌లో రాసిన ఆర్‌ఎఫ్‌సీ 114 పత్రమే ఎఫ్‌టీపీకి మొదటి రూపం. వెబ్ పుట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందు ఒక భారతీయుడు వేసిన బాట మీద 1990ల నాటి వెబ్‌సైట్లు నడిచాయి. డబ్ల్యూఎస్-ఎఫ్‌టీపీ, క్యూట్ ఎఫ్‌టీపీ, తర్వాత 2001లో వచ్చిన ఫైల్‌జిల్లా లాంటి ప్రోగ్రాముల్లో తెర రెండు సగాలు: ఎడమవైపు మన కంప్యూటర్, కుడివైపు సర్వరు. ఫైలును ఇటునుంచి అటు లాగితే సైటు మారిపోయేది. డెవలప్‌మెంట్, ప్రొడక్షన్ అనే రెండు లోకాలు ఉన్నాయని ఒక తరానికి కంటికి కనిపించేలా చెప్పింది ఆ తెరే.

1997 డిసెంబరులో వచ్చిన మాక్రోమీడియా డ్రీమ్‌వీవర్ ఈ ఆలోచనను ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది. లోకల్ సైటు, రిమోట్ సైటు అని రెండింటినీ ముందే నిర్వచించుకోమనేది. ఇద్దరు ఒకే పేజీని ఒకేసారి దిద్ది ఒకరి పని ఇంకొకరు చెరిపేయకుండా, ఎవరైనా ఒక ఫైలును చెక్-అవుట్ చేస్తే దాని పక్కన చిన్న తాళం ఫైలు పెట్టేది. మైక్రోసాఫ్ట్ 1996లో వర్మీర్ టెక్నాలజీస్‌ను కొని తెచ్చుకున్న ఫ్రంట్‌పేజ్ మరో దారి పట్టి, సర్వరు మీదే ప్రత్యేక ఎక్స్‌టెన్షన్లు పెట్టించింది. అవి సృష్టించిన ఫోల్డర్ల పేర్లు వీటీఐ అనే అక్షరాలతో మొదలయ్యేవి. ఆ అక్షరాలు పాత కంపెనీ పేరు నుంచి వచ్చినవే. కంపెనీ పోయినా దాని పేరు లక్షల సర్వర్ల ఫోల్డర్లలో ఏళ్ల తరబడి మిగిలింది.

ఎఫ్‌టీపీ రోజుల కష్టాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. విండోస్‌లో ఫైలు పేరులో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా పట్టింపు లేదు. లినక్స్ సర్వరుకు ఆ పట్టింపు ఉంది. దాంతో ఇంట్లో చక్కగా కనిపించిన ఫొటో సర్వరెక్కాక మాయమయ్యేది. బొమ్మల ఫైళ్లను బైనరీ పద్ధతిలో కాక ఆస్కీ పద్ధతిలో పంపితే చెడిపోయేవి. సగం ఫైళ్లు వెళ్లాక లైను తెగితే, సగం కొత్త సైటు, సగం పాత సైటు జనానికి దర్శనమిచ్చేవి. అన్నిటికన్నా ప్రమాదం, పాస్‌వర్డు ఎలాంటి ముసుగూ లేకుండా దారంతా ప్రయాణించడం. ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో పాస్‌వర్డుల దొంగతనం జరిగాక, అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ 1995లో, దారిలో ఎవరూ చదవలేకుండా సమాచారాన్ని పంపే ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేశాడు. మరుసటి ఏడాది ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ కలిసి ఆర్‌సింక్ విడుదల చేశారు. ఇరువైపులా ఉన్న ఫైళ్లను పోల్చి, మారిన భాగాలనే పంపించే ఆ పనిముట్టు నేటికీ రోజువారీ వాడుకలో ఉంది.

తెలుగు సైట్లకు ఆ కాలంలో ఇంకో బరువు అదనం. యూనికోడ్ తొలి కూర్పు నుంచే తెలుగుకు చోటున్నా, కంప్యూటర్లలో అది సరిగ్గా కనిపించడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా దినపత్రికల సైట్లు తమ సొంత ఫాంట్లతో, సొంత సంకేతాలతో నడిచాయి. ఫాంటు ఫైలు కూడా సర్వరులో ఉండి, పేజీతోపాటు పాఠకుడి దగ్గరకు వెళ్లాలి. మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఈఓటీ ఫాంటు ఫైలుకు, అది ఏ చిరునామా నుంచి వస్తేనే పనిచేయాలో లోపలే రాసిపెట్టే వీలుంది. అలా కట్టేసిన ఫాంటు అసలు సైటులో అక్షరాలను చూపిస్తుంది, వేరే చిరునామా మీద పరీక్షించే చోట చూపించదు. చోటును బట్టి మారే విషయాన్ని ఫైలు లోపల బంధిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు.

పేజీ ప్రోగ్రాంగా మారినప్పుడు

రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన పీహెచ్‌పీ, దానికి తోడైన మైఎస్‌క్యూఎల్ డేటాబేసు వెబ్‌సైటు స్వభావాన్నే మార్చేశాయి. ఇప్పుడు ఫైలంటే పేజీ కాదు, పేజీని పుట్టించే ప్రోగ్రాం. డేటాబేసు పాస్‌వర్డు ఉన్న కాన్ఫిగ్ ఫైలు కూడా అదే డాక్యుమెంట్ రూట్‌లోకి వచ్చి కూర్చుంది. సర్వరు ఆ ఫైలును నడిపించి ఫలితాన్ని మాత్రమే పంపినంతకాలం ఇబ్బంది లేదు. సెట్టింగు కాస్త తప్పితే అసలు కోడే తెరమీదికి వస్తుంది. 2007 ఆగస్టులో ఫేస్‌బుక్‌లో జరిగింది అదే. సర్వరు అమరికలో లోపం వల్ల మొదటి పేజీ పీహెచ్‌పీ కోడ్ కొందరు సందర్శకులకు నేరుగా కనిపించి, నెట్‌లోకి పాకింది. బయటికి కనిపించే ఫోల్డరులో కోడ్ ఉండకూడదని, అక్కడ ఒక చిన్న ప్రవేశద్వారం ఫైలు, బొమ్మలు, స్టైల్ ఫైళ్లు మాత్రమే ఉండి, మిగతాదంతా ఒక మెట్టు పైన ఉండాలని ఫ్రేమ్‌వర్కులు పట్టుబట్టడానికి ఇలాంటి అనుభవాలే కారణం.

2003 మేలో మొదలైన వర్డ్‌ప్రెస్‌ను తెరిచి చూస్తే ఈ సమస్య మొత్తం ఒకే చోట కనిపిస్తుంది. అసలు సాఫ్ట్‌వేర్ రెండు ఫోల్డర్లలో ఉంటుంది. మూడోది డబ్ల్యూపీ-కంటెంట్. అందులో డెవలపర్ రాసిన థీములు, ఇతరుల దగ్గర తెచ్చుకున్న ప్లగిన్లు, వాడుకరులు ఎక్కించిన ఫొటోలు పక్కపక్కనే ఉంటాయి. థీము డెవలప్‌మెంట్ నుంచి ప్రొడక్షన్‌కు వెళ్లాలి. ఫొటోలు మాత్రం ప్రొడక్షన్‌లోనే పుడతాయి. ఫోల్డరు మొత్తం ఒక్క ఊపున పైకి పంపేస్తే, నిన్న సాయంత్రం విలేఖరి ఎక్కించిన ఫొటో గల్లంతవుతుంది. ఇంకో చిక్కు, సైటు చిరునామా డేటాబేసు లోపల నిక్షిప్తమై ఉండడం. దాన్ని మామూలు వెతుకు-మార్చు పద్ధతిలో మారిస్తే కొన్ని సెట్టింగులు విరిగిపోతాయి. ఎందుకంటే పీహెచ్‌పీ ఆ విలువలను దాచేటప్పుడు వాటి పొడవును కూడా పక్కనే రాసుకుంటుంది. చిరునామా పొడవు మారితే లెక్క తప్పుతుంది. అందుకే ఈ పనికి ప్రత్యేక పనిముట్లు పుట్టాయి. తాను డెవలప్‌మెంట్‌లో ఉన్నానా, విడుదలకు ముందు పరీక్షించే స్టేజింగ్‌లోనా, ప్రొడక్షన్‌లోనా అని సైటు తనను తాను గుర్తించే ఏర్పాటు వర్డ్‌ప్రెస్‌లోకి 2020లో, 5.5 కూర్పుతో వచ్చింది. ఏమీ చెప్పకపోతే ప్రొడక్షన్ అనే అనుకుంటుంది. తెలియనప్పుడు ఎక్కువ జాగ్రత్త వైపే మొగ్గాలన్న ఆ నిర్ణయం నాకు చాలా నచ్చుతుంది.

చరిత్రను దాచుకోవడం

ఫైలు పేరు చివర ఓల్డ్, న్యూ, ఫైనల్, ఫైనల్-2 అని చేర్చుకుంటూ పోవడం తెలియని ఆఫీసు ఉండదు. ఆ అలవాటు సర్వరులోకీ పాకింది. పాత కాన్ఫిగ్ ఫైలుకు బ్యాక్ అనే తోక తగిలించి అక్కడే వదిలేస్తే, సర్వరు దాన్ని ప్రోగ్రాంగా గుర్తించక, అడిగినవాడికల్లా పాస్‌వర్డుతో సహా చూపిస్తుంది. దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ రాశాడు. 1980ల్లో ఆర్‌సీఎస్, సీవీఎస్, 2004లో 1.0 కూర్పుకు చేరిన సబ్‌వెర్షన్, 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్, ఇవన్నీ ఒకే వంశం. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో ఇవి నమోదు చేసి ఉంచుతాయి. 2008లో గిట్‌హబ్ రావడంతో వెర్షన్ కంట్రోల్ వెబ్ పనివాళ్లందరి చేతికీ అందింది.

దీనివల్ల జరిగిన పెద్ద మార్పు ఏమిటంటే, అసలు ప్రతి ఏదో తేలింది. ఎఫ్‌టీపీ కాలంలో సర్వరులో ఉన్నదే అసలు, మన కంప్యూటర్‌లోది నకలు. ఎవరో సర్వరులోనే నేరుగా ఒక వరుస దిద్దితే, మన దగ్గరున్నది ఆ క్షణం నుంచే పాతబడిపోయేది. గిట్ వచ్చాక అసలు ప్రతి, మార్పులన్నీ నమోదయ్యే రిపాజిటరీలో ఉంది. డెవలపర్ యంత్రం, సర్వరు రెండూ దాని నకళ్లే. ప్రొడక్షన్‌లో చేతితో దిద్దకూడదన్న నియమానికి అప్పుడే అర్థం వచ్చింది. కొత్త సౌకర్యంతోపాటు కొత్త ప్రమాదమూ వచ్చింది. సర్వరు మీద నేరుగా గిట్ పుల్ కొట్టి సైటు నడిపేవారి డాక్యుమెంట్ రూట్‌లో దాగి ఉండే గిట్ ఫోల్డరు, దారి మూయకపోతే, కోడ్‌నూ దాని చరిత్రనంతటినీ బయటివాళ్లకు అప్పగిస్తుంది.

తేదీ పేరుతో ఒక ఫోల్డరు

2004లో డేవిడ్ హైనమైర్ హాన్సన్ విడుదల చేసిన రూబీ ఆన్ రైల్స్ ఈ కథలో పెద్ద మలుపు. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టగానే ఫోల్డర్లన్నీ దానంతట అదే వేసి ఇచ్చేది. డెవలప్‌మెంట్, టెస్ట్, ప్రొడక్షన్ అని మూడు వాతావరణాలు మొదటి రోజు నుంచే ఉండేవి. బయటికి కనిపించేది పబ్లిక్ అనే ఒక్క ఫోల్డరే. ఏ ఫైలు ఎక్కడ పెట్టాలన్న వాదన ప్రతి ఆఫీసులోనూ కొత్తగా చేసుకోనక్కర్లేకుండా, అందరికీ ఒకే సంప్రదాయం దొరికింది. జాంగో, లారవెల్ లాంటి ఇతర ఫ్రేమ్‌వర్కులు కూడా తమ తమ పద్ధతుల్లో ఇలాంటి అమరికనే ఇచ్చాయి.

ఆ లోకంలోనే జేమిస్ బక్ రాసిన క్యాపిస్ట్రానో అనే పనిముట్టు సర్వరు మీద ఫైళ్ల అమరికకు ఒక చక్కని రూపం ఇచ్చింది. సర్వరులో రిలీజెస్ అనే ఫోల్డరు. ప్రతి డిప్లాయ్‌కూ, అంటే కొత్త కూర్పును సర్వరెక్కించిన ప్రతిసారీ, దాని కింద తేదీ, సమయమే పేరుగా ఒక కొత్త ఫోల్డరు. షేర్డ్ అనే ఇంకో ఫోల్డరులో లాగ్‌లు, వాడుకరులు ఎక్కించిన ఫైళ్లు, పాస్‌వర్డుల కాన్ఫిగ్. చివరగా కరెంట్ అనే ఒక సింబాలిక్ లింకు. కొత్త కూర్పు పూర్తిగా సిద్ధమయ్యాక ఆ లింకును దానివైపు తిప్పితే సైటు మారుతుంది. తేడా వస్తే అదే లింకును పాత ఫోల్డరు వైపు తిప్పితే చాలు. సగం కొత్త, సగం పాత అన్న ఎఫ్‌టీపీ రోజుల దుస్థితికి అలా తెరపడింది. డెవలపర్ రాసేవి ఒక చోట, వాడుకరులు రాసేవీ స్థలాన్ని బట్టి మారేవీ ఇంకో చోట అన్న విభజన ఫోల్డర్ల రూపంలో ఇంత స్పష్టంగా కనిపించింది అక్కడే. పనిముట్లు మారినా ఈ ఊహ మాసిపోలేదు. ప్రతి డిప్లాయ్‌నూ మార్చలేని విడి ప్రతిగా దాచి, దానికి సొంత చిరునామా ఇచ్చే నేటి హోస్టింగ్ సేవలన్నీ ఆ ఊహను విస్తరించినవే.

రహస్యాలను బయట పెట్టుకోవడం

కోడ్ అన్ని చోట్లా ఒకటే అయినప్పుడు, చోటును బట్టి మారే విలువలు ఎక్కడుండాలి? డేటాబేసు చిరునామా, పాస్‌వర్డు, చెల్లింపుల గేట్‌వే తాళం లాంటివి కోడ్‌లో ఉండకూడదని, నడిచే చోట ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ రూపంలో అందాలని హెరోకు సంస్థకు చెందిన ఆడమ్ విగిన్స్ 2011లో ట్వెల్వ్-ఫ్యాక్టర్ యాప్ అనే పత్రంలో చెప్పాడు. ఆయన ఇచ్చిన పరీక్ష సులువైనది: మీ కోడ్ మొత్తాన్ని ఈ క్షణం లోకానికి ఓపెన్‌సోర్స్‌గా ఇచ్చేస్తే ఏ రహస్యమైనా బయటపడుతుందా? పడుతుందంటే కోడ్, కాన్ఫిగ్ ఇంకా విడిపోలేదన్నమాట. డెవలప్‌మెంట్, ప్రొడక్షన్ మధ్య తేడాను వీలైనంత తగ్గించాలని, లోకల్‌లో ఒక డేటాబేసు, లైవ్‌లో ఇంకో డేటాబేసు వాడొద్దని కూడా ఆ పత్రం గట్టిగా చెప్పింది.

ఈ మాట పట్టించుకోకపోతే ఏమవుతుందో 2016లో ఉబర్‌కు తెలిసొచ్చింది. ఆ కంపెనీ ఇంజినీర్ల ప్రైవేటు గిట్‌హబ్ రిపాజిటరీలోకి చొరబడినవాళ్లకు అక్కడ అమెజాన్ క్లౌడ్ తాళాలు దొరికాయి. వాటితో సుమారు 5.7 కోట్లమంది వివరాలు ఎత్తుకుపోయారు. రిపాజిటరీ ప్రైవేటుదే అయినా, తాళాన్ని కోడ్‌తో కలిపి ఉంచడమే కొంప ముంచింది. ఇలాంటి రహస్య విలువలను ఉంచే డాట్-ఎన్‌వీ ఫైలు వాడే నేటి తరానికి ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. ఆ ఫైలు గిట్‌లోకి ఎక్కకూడదు. డాక్యుమెంట్ రూట్‌లోకీ రాకూడదు. ఆ పేరుతో సర్వర్లను తడుముకుంటూ తిరిగే దొంగ ప్రోగ్రాములు ప్రతి సైటు తలుపూ కొడుతూనే ఉంటాయి.

యంత్రం రాసే ఫైళ్లు

2009లో ర్యాన్ డాల్ నోడ్ జేఎస్‌ను, మరుసటి ఏడాది ఐజాక్ ష్లూటర్ ఇతరుల కోడ్ ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఎన్‌పీఎమ్‌ను తెచ్చాక ఫైళ్ల సంఖ్యే మారిపోయింది. చిన్న ప్రాజెక్టు కింద కూడా నోడ్-మాడ్యూల్స్ ఫోల్డరులో వేల ఫైళ్లు. అవి మనం రాసినవి కావు, కావాలంటే మళ్లీ తెచ్చుకోగలిగినవి. కాబట్టి గిట్‌లో వాటికి చోటు లేదు. వాటి జాబితాకూ, ఏ కూర్పు వాడామో అక్షరం పొల్లుపోకుండా నమోదు చేసే లాక్ ఫైలుకూ చోటుంది. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎమ్ నుంచి తొలగించగానే, ప్రపంచవ్యాప్తంగా వేల ప్రాజెక్టుల బిల్డ్, అంటే తుది ఫైళ్ల తయారీ, ఆగిపోయింది. కొద్ది గంటల్లో దాన్ని తిరిగి పెట్టారు. ఎప్పుడంటే అప్పుడు తెచ్చుకోవచ్చులే అనుకున్నది ఒకనాడు దొరక్కపోవచ్చన్న ఎరుక మాత్రం అందరికీ మిగిలింది. ప్రొడక్షన్ సర్వరు మీద బిల్డ్ చేయకూడదని, ఒక్కసారి బిల్డ్ చేసిన దాన్నే స్టేజింగ్‌లో పరీక్షించి, అదే ప్రతిని లైవ్‌కు పంపాలని చెప్పేవారి మాటకు దీంతో బలం పెరిగింది.

బ్రౌజర్ పాత ఫైలునే దాచుకుని చూపించడం మరో పాత జబ్బు. దీనికి దొరికిన మందు, ఫైలు లోపలి విషయాన్ని బట్టి లెక్కగట్టిన గుర్తును దాని పేరులోనే చేర్చడం. 2011లో రైల్స్ 3.1 తెచ్చిన అసెట్ పైప్‌లైన్ ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది. ఫైలులో ఒక్క అక్షరం మారినా పేరు మారుతుంది. పేరు మారలేదంటే లోపలిది మారలేదని అర్థం, కాబట్టి బ్రౌజర్ దాన్ని ఏడాదిపాటైనా నిశ్చింతగా దాచుకోవచ్చు. మనిషి చదివే పేర్లు సోర్స్ ఫోల్డరులో, యంత్రం పెట్టే పేర్లు డిస్ట్ ఫోల్డరులో. రెండింటి మధ్య గీత ఇలా స్థిరపడింది.

2013 మార్చిలో సాంటా క్లారాలో జరిగిన పైకాన్ సదస్సులో సాలమన్ హైక్స్ డాకర్‌ను చూపించాడు. కోడ్, దానికి కావలసిన లైబ్రరీలు, వాటి కింద ఉండే ఫైల్ సిస్టమ్ అంతా కలిపి ఒకే ఇమేజ్. నా మెషీన్‌లో పనిచేస్తోంది కదా అన్న పాత వాదనకు జవాబుగా, ఆ మెషీన్‌నే మూటగట్టి పంపే ఏర్పాటు ఇది. ఆ ఇమేజ్ నుంచి నడిచే కంటైనర్ పోతే అందులో రాసుకున్నవీ పోతాయి. కాబట్టి వాడుకరుల ఫైళ్లకు కంటైనర్ బయట ఉండే వాల్యూమ్, రహస్యాలకు బయటి నుంచి అందే విలువలు తప్పనిసరి అయ్యాయి. ఎవరి ఫైలు ఎక్కడుండాలో క్యాపిస్ట్రానో మర్యాదగా చెప్పిన మాటనే డాకర్ నిక్కచ్చిగా అమలు చేసింది.

రెండు గుణపాఠాలు

2012 ఆగస్టు 1న అమెరికా స్టాక్ మార్కెట్లో నైట్ క్యాపిటల్ అనే సంస్థ దాదాపు ముప్పావు గంటలో 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. అది వెబ్‌సైటు కాదు కానీ, తప్పు మాత్రం మన రంగంలోదే. ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్ పెట్టాల్సి ఉండగా ఒకదానిలో పెట్టడం మరిచారు. సరిచూసే రెండో మనిషి లేడు. ఆ ఎనిమిదో సర్వరులో ఏళ్లక్రితమే వాడుక ఆపేసిన పాత కోడ్ ఇంకా తొలగించకుండా ఉంది. కొత్త కోడ్ కోసం తిరిగి వాడుకున్న పాత గుర్తు దాన్ని నిద్రలేపింది. పనికిరాని ఫైలును ఉండనివ్వడం, చేతితో కాపీ చేయడం అన్న రెండు చిన్న అలవాట్లు కలిసి ఒక సంస్థనే కూల్చాయి.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఇంజినీరు ఒకరు, డేటాబేసు నకలు ఉన్న యంత్రమనుకుని అసలు యంత్రంలోని డేటా ఫోల్డరును తొలగించారు. పొరపాటు గ్రహించి ఆపేలోపే దాదాపు 300 జీబీ పోయింది. రోజువారీ బ్యాకప్‌లు చాలాకాలంగా విఫలమవుతున్నా, ఆ హెచ్చరికల మెయిళ్లు ఎవరికీ అందలేదు. చివరికి ఆదుకున్నది, ఆరు గంటల ముందు స్టేజింగ్‌లోకి ఎక్కించడం కోసం తీసిపెట్టిన ఒక ప్రతి. కోడ్ పోతే రిపాజిటరీలో ఉంటుంది. వాడుకరులు రాసింది పోతే తిరిగి రాదు. గిట్‌ల్యాబ్ ఆ ఘటననంతా దాచకుండా లోకానికి చెప్పడం వల్లే ఈ పాఠం మన దాకా వచ్చింది.

అలాగని ప్రొడక్షన్ డేటాను ఇష్టం వచ్చినట్టు డెవలపర్ ల్యాప్‌టాప్‌లోకి దించుకోవడమూ సరికాదు. అందులో మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు ఉంటాయి. 2023లో మన దేశం చేసుకున్న డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ జాగ్రత్తను బాధ్యతగా మార్చింది. పరీక్షల కోసం దించుకునే ప్రతిలో వ్యక్తిగత వివరాలను చెరిపి, కల్పిత వివరాలు నింపుకోవాలి.

బుధవారం, గురువారం

ఇన్ని పాఠాలూ ఒకచోట అమలవడం చూడాలంటే తెలుగువాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వెనక ఉన్న అమరికనే చూడొచ్చు. మీడియావికీ సాఫ్ట్‌వేర్ కొత్త కూర్పును ప్రతి వారం విడుదల చేయడం అక్కడి ఆనవాయితీ. ఆ ప్రక్రియను వాళ్లు రైలు అంటారు. మంగళవారం పరీక్షల కోసం ఉంచిన వికీలకు, బుధవారం విక్షనరీ, వికీసోర్స్ లాంటి సోదర ప్రాజెక్టులతోపాటు కొద్దిపాటి వికీపీడియాలకు, గురువారం మిగతా వికీపీడియాలన్నిటికీ ఆ రైలు చేరుతుంది. తెలుగు వికీసోర్స్‌కు ఒకరోజు ముందు, తెలుగు వికీపీడియాకు మరుసటి రోజు. ఎక్కడ లోపం బయటపడినా రైలును ఆపేస్తారు, వెనక్కీ నడుపుతారు.

ఫైళ్ల అమరిక కూడా అంతే తేటగా ఉంటుంది. ప్రతి కూర్పుకూ విడి ఫోల్డరు. ఏ వికీ ఏ ఫోల్డరు నుంచి నడవాలో చెప్పే పట్టిక ఒకే ఒక ఫైలులో ఉంటుంది. అందులో తెలుగు వికీకి ఒక వరుస. వందల వికీల సెట్టింగులు వేరే రిపాజిటరీలో ఉన్నాయి. అది ఎవరైనా చదవగలిగే బహిరంగ రిపాజిటరీ. పాస్‌వర్డులు మాత్రం అందులో ఉండవు. వెతికే ఓపిక ఉంటే, ఏ సెట్టింగు ఎవరు ఎందుకు మార్చారో మారుమూల పల్లెలోని తెలుగు విద్యార్థి కూడా చదువుకోవచ్చు. విగిన్స్ చెప్పిన పరీక్షలో ఇంత పెద్ద సైటు బాహాటంగా నెగ్గుతోంది.

వెనక్కి చూసిన చూపుతోనే ముందుకూ చూస్తే, నాకు పనిముట్ల మీద కన్నా అలవాట్ల మీదే ఎక్కువ నమ్మకం. అమీర్‌పేట కోచింగ్ గదుల్లో నేర్పే ఫ్రేమ్‌వర్కులు అయిదేళ్లకోసారి మారుతూనే ఉంటాయి. ఇప్పుడు కోడ్‌ను కృత్రిమ మేధ కూడా రాస్తోంది. ఒక్క గంటలో వందల ఫైళ్లు పుట్టుకొస్తున్నాయి. ఫైళ్లు ఎంత సులువుగా పుడితే, ఏది ఎక్కడుండాలన్న వివేకం అంత అవసరమవుతుంది. అందుకే కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి మొదటి పాఠంగా ఏ పనిముట్టూ నేర్పక్కర్లేదని నా అభిప్రాయం. ఒక ప్రాజెక్టు ఫోల్డరు ముందు కూర్చోబెట్టి, ఒక్కొక్క ఫైలూ చూపిస్తూ దీన్ని ఎవరు రాస్తారని అడగాలి. మనం రాసేదైతే గిట్‌లో ఉండి, డెవలప్‌మెంట్ నుంచి ప్రొడక్షన్ వైపు ఒకే దిశలో ప్రయాణించాలి. యంత్రం రాసేదైతే చెరిపినా మళ్లీ పుట్టగలగాలి. చోటును బట్టి మారేదైతే ఆ చోటే దాన్ని అందించాలి. జనం రాసేదైతే దాన్ని అన్నిటికన్నా భద్రంగా కాపాడాలి. ఎందుకంటే మిగతా మూడూ పోయినా మన కష్టంతో తిరిగి తెచ్చుకోగలం. జనం మనల్ని నమ్మి అప్పగించిన అక్షరాలను మాత్రం మళ్లీ రాయలేం.